తగినంత విశ్రాంతి తీసుకున్నానని సంతకం

శనివారం

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు. కోపంలో ఇచ్చినవైనా ఆశీస్సులే, దాచుకో.

పోయిన ఉత్తరంలో "పైలట్లందరం ఒక్క మాట మీదే ఉన్నాం" అని రాశావు. తప్పు. మీరు రెండు మాటల మీద ఉన్నారు. విమానాశ్రయానికి పది నిమిషాల దూరంలో ఇల్లున్న వాళ్లది ఒకటి. నీలాగా కాపురం ఒక ఊళ్లో, ఉద్యోగం ఇంకో ఊళ్లో పెట్టుకుని, డ్యూటీకి వెళ్లడానికే వేరేవాళ్లు నడిపే విమానంలో ఖాళీ సీటు కోసం గుమ్మం దగ్గర నిలబడే వాళ్లది ఇంకొకటి. ముప్పై ఒక్కేళ్లు లెక్కలు చెప్పి, బడి టైంటేబుల్ వేసినదాన్ని. స్టాఫ్ రూములో అందరిదీ ఒకే మాట అయిందంటే ఎవరో బయటికి వెళ్లారని అర్థం.

కొత్త ఒప్పందంలో మీరు అడుగుతున్నవి నాకు తెలిసినంతలో రెండు. డ్యూటీకి ముందు పడుకోవడానికి కంపెనీ ఒక హోటల్ గది ఇవ్వాలి. రెండు విమానాలకు ప్రయత్నించి, రెండింట్లోనూ సీటు దొరక్కపోతే "డ్యూటీ ఎగ్గొట్టారు" అని రాయకూడదు. ఒక మంచం, ఒక మన్నింపు. దీనికి నాలుగు నెలల చర్చలా? నేను ఇరవై ఆరు మంది టీచర్లకి పీరియడ్లు ఒక్క ఆదివారంలో సర్దేదాన్ని, అందులో ఇద్దరికి ఒకరి మొహం ఒకరు చూడటం ఇష్టం లేదు కూడా.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. జవాబు మీ పొడుగు కెప్టెన్ చేతికి ఇవ్వు. ఆయన ఇల్లు మన వీధి చివరే కదా, ఎలాగూ ఇటే వస్తాడు. ఈసారి తల వంచి లోపలికి రమ్మను. పోయినసారి గుమ్మానికి నుదురు కొట్టుకుని, గుమ్మానికి సారీ చెప్పాడు.


సోమవారం

అమ్మమ్మకి నిద్రమత్తులో నమస్కారాలు.

సరే, రెండు మాటలే. ఒప్పుకున్నాను. మా సంఘం అధ్యక్షుడి వంటింటి కిటికీలోంచి రన్‌వే కనపడుతుంది. ఆయనకి దూరమంటే వంటింటికీ పడగ్గదికీ మధ్య ఉన్నదే. నిన్న కమిటీలో నాతో ఏమన్నాడో తెలుసా? "ఏమ్మా, దూరంగా ఉండటం నీ ఇష్టం. నేను కొండెక్కి ఇల్లు కట్టుకుంటే కంపెనీ వచ్చి మెట్లు కట్టిస్తుందా?" అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అదీ నా కోపం. మన ఊళ్లో పైలట్లు డ్యూటీ ఎక్కే బేస్ మూసేసి నన్ను ఇక్కడికి మార్చింది కంపెనీయేనని చెప్పేలోపు టీ వచ్చింది.

ఇక్కడ ఈ ఊళ్లోనే ఉండేవాళ్లు మా రెండు కోరికలూ వదిలేసి, వాటికి బదులు అందరికీ ఏడాదికి రెండు రోజుల సెలవు తీసుకుందామంటున్నారు. వాళ్లే ఎక్కువమంది.

తర్వాత కంపెనీతో చర్చల్లో, బయటి ఊళ్లవాళ్లం అద్దె పంచుకుని పడుకునే మా మంచాల గది సంగతి కూడా చెప్పాను. పదకొండు మంచాలు, ఇరవై ముగ్గురం. ఒకరు లేవగానే ఆ వెచ్చటి పరుపు మీదే ఇంకొకరు. పోయినేడు మూడో మంచం ఆయన పోయిన కథ కూడా చెప్పాను. నీకు చెప్పలేదు కదూ? మధ్యాహ్నం దాకా ఎవరొచ్చినా "పాపం, మంచి నిద్రలో ఉన్నాడు, చప్పుడు చెయ్యకండి" అని మునివేళ్ల మీద నడిచారట. తొమ్మిది గంటలు అంత మర్యాదగా నడిచారు. డ్యూటీ టైముకి లేపబోతేగానీ తెలియలేదు. కంపెనీ లాయరు అంతా విని, "ఆయన డ్యూటీలో లేని సమయంలో పోయారు కదా" అన్నాడు. తర్వాత పెన్ను మూత పెట్టి, "ప్రయాణాల వల్ల పైలట్లు అలిసిపోతున్నారని ఒక్క రాతపూర్వక ఆధారం చూపించండి" అన్నాడు.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: నేను ఎప్పుడొచ్చానో, ఎంతసేపు పడుకున్నానో, ఎప్పుడెళ్లానో రాస్తూ ఉంటావే, ఆ నోటుపుస్తకం తెచ్చి లాయరు మొహాన కొడితే చర్చలు ఒక్క పూటలో ముగుస్తాయి.


బుధవారం

చిరంజీవి మనవరాలికి,

మొహాన కొట్టడం మర్యాద కాదు. పోస్టులో పంపుతాను.

ఇన్నాళ్లకి ఈ ఇంట్లో నేను రాసిన దానికి ఒక విలువుందని ఒప్పుకున్నావు. పద్నాలుగు నెలల లెక్క ఉంది. తారీఖు, వచ్చిన గంట, పడుకున్న గంట, లేచిన గంట, చివర్లో "విశేషాలు" అని ఒక గడి. అటెండెన్స్ రిజిస్టరులో ఆ గడి ఉండదు, పిల్లల్ని గురించి అసలు సంగతులన్నీ దాంట్లో రాయాల్సినవే. నా చేతిరాత నీకైతే అలవాటే గానీ లాయరుకి కష్టం. తెల్ల పుస్తకంలో ఎత్తి రాస్తున్నాను. శుక్రవారం రిజిస్టర్డ్ పోస్టు చేస్తాను. చిరునామా మీ కంపెనీ కవరు మీద ఉంది.

మూడో మంచం ఆయన గురించి చదివాక నిన్నంతా ఏ పనీ తోచలేదు. ఆయన భార్యకి ఎవరైనా ఉత్తరం రాశారా? సంతాప తీర్మానం కాదు, ఉత్తరం.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: నీ సగటు నిద్ర కట్టాను. నాలుగు గంటల ఐదు నిమిషాలు. సెలవు రోజులు కలిపితే కొంచెం పెరుగుతుంది. కలపలేదు. ఫెయిలైన పిల్లకి గ్రేస్ మార్కులు నేనెప్పుడూ వెయ్యలేదు, నీకెందుకు వేస్తాను?


గురువారం, అర్జెంటు

అమ్మమ్మా, ఆగు!

నేను తమాషాకి అన్నాను. ఆ పుస్తకం ఎవరికీ పంపకు. లాయరుకైతే అసలే పంపకు.

ప్రతి డ్యూటీకి ముందు మేం ఒక కాగితం మీద సంతకం పెడతాం, "తగినంత విశ్రాంతి తీసుకున్నాను, విమానం నడపడానికి తగిన స్థితిలో ఉన్నాను" అని. పెట్టకపోతే ఆ రోజు డ్యూటీ లేదు. నాలుగుసార్లు పెట్టకపోతే ఎందుకని పిలిచి అడుగుతారు. అందుకని అందరం పెడతాం. పద్నాలుగు నెలల్లో ప్రతి డ్యూటీకీ నేను పెట్టాను. నీ పుస్తకంలో మూడు గంటలు పడుకుంది అని ఉన్న రోజున కూడా పెట్టాను. ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెడితే అబద్ధం ఎవరిదవుతుంది? కంపెనీది కాదు, నాది. లైసెన్సు పోతుంది.

అలిసిపోయామని చెబితేనే గది ఇస్తారు. చెబితే సంతకం అబద్ధమవుతుంది. ఈ ముడి విప్పడం చేతకాకే నాలుగు నెలలు పట్టింది.

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పొడుగు కెప్టెన్ ఈ సాయంత్రం విమానంలో వస్తున్నాడు, రాత్రికల్లా నీ చేతికిస్తాడు.

మనవరాలు

తా.క.: పుస్తకం బియ్యం డబ్బాలో దాచు. అటువైపు నేను కూడా చూడను.


శనివారం

చిరంజీవి మనవరాలికి,

పుస్తకం వెళ్లిపోయింది. నిన్న పన్నెండింటికి పోస్టు చేశాను. కౌంటర్లో అమ్మాయి "లోపల ఏముంది మామ్మగారూ?" అంది. "నిద్ర" అన్నాను. "డాక్యుమెంట్స్" అని రాసుకుంది.

కళ్లు జాగ్రత్త. ఏదైనా తిను.

అమ్మమ్మ

తా.క.: పుస్తకం పైన లాయరుకి ఒక చీటీ పెట్టాను. అందులో ఆయన్ని కూడా నిన్న ఎన్ని గంటలు పడుకున్నారని అడిగాను. సరదాకి కాదు, పోల్చుకోవడానికి.


తర్వాతి గురువారం

అమ్మమ్మకి,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. సీటు దొరక్క పొడుగు కెప్టెన్ ఆ సాయంత్రం విమానం ఎక్కలేకపోయాడని ఇక్కడివాళ్లు చెప్పారు. చివరి ఖాళీ సీటు ఒక వాయిద్యానికి ఇచ్చారట. మనిషంత ఎత్తు ఫిడేలు, దానికి టికెట్ ఉంది. తర్వాతి విమానం కూడా నిండిపోయింది. నా బతుకంతా ఇలా ఒక ఖాళీ సీటు మీదే ఆధారపడి ఉందని తెలుసుగానీ, నా ఉత్తరం కూడా అలాగే ఆగిపోతుందని అనుకోలేదు.

మంగళవారం లాయరు నీ పుస్తకం చర్చల్లోకి తెచ్చాడు. నా సంతకాల కట్ట ఒక పక్క, నీ పుస్తకం ఇంకో పక్క. పైకి చదివాడు. "ఆరో తారీఖు, నిద్ర మూడు గంటల పది నిమిషాలు. విశేషాలు: కుడికాలికి తన బూటు, ఎడమకాలికి నా బూటు వేసుకుని వెళ్లింది. రెండు రోజులు నాకు బూట్లు లేవు." ఊళ్లో ఉండేవాళ్లు పడీ పడీ నవ్వారు. అధ్యక్షుడైతే కళ్లు తుడుచుకున్నాడు.

లాయరు పేజీ తిప్పాడు. "పందొమ్మిదో తారీఖు, నిద్ర రెండు గంటల యాభై నిమిషాలు. విశేషాలు: పళ్లు తోముకుంటూ నిలబడే నిద్రపోయింది. భుజం తడితే 'కంట్రోల్ మీకిస్తున్నాను' అని నాకు బ్రష్ ఇచ్చింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవి విమానంలో ఒక పైలట్ ఇంకో పైలట్‌కి విమానం అప్పగించేటప్పుడు అనే మాటలు. అధ్యక్షుడు సంచీలోంచి, తను నడిపిన ప్రతి విమానం వివరం రాసుకునే లాగ్‌బుక్ తీశాడు. వేలు పెట్టి కిందికి వెతుక్కుంటూ పోయాడు. పందొమ్మిదో తారీఖు దగ్గర వేలు ఆగింది. నాకేసి చూశాడు. "ఆ రోజు నా పక్క సీట్లో నువ్వేనా?" అన్నాడు. "నేనేనండీ." "దిగేటప్పుడు విమానం ఎవరు దించారు?" "నాకు గుర్తు లేదండీ" అన్నాను. నిజంగానే గుర్తు లేదు. ఆయన లాగ్‌బుక్‌లో చూసి, మూసేశాడు. ఏముందో చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఊళ్లో ఉండేవాళ్లు రెండు రోజుల సెలవు వదులుకున్నారు. మా మీద జాలితో కాదు. ప్రతివాడూ తన లాగ్‌బుక్ తీసి, పక్క సీట్లో ఎవరున్నారో చూసుకోవడం మొదలుపెట్టాడు. బుధవారం సాయంత్రానికి కంపెనీ సంతకం పెట్టేసింది. గది ఇస్తారు. రెండుసార్లు సీటు దొరక్కపోతే తప్పు పట్టరు. పుస్తకం బయటికి పోకూడదని తొందర.

నాకు మాత్రం వేరే కాగితం ఇచ్చారు. విచారణ అయ్యేదాకా ఆరు నెలలు విమానం నడపకూడదు. కమిటీ నుంచి తీసేశారు. యూనిఫారం అప్పగించాను. ఇరవై రెండు మందికి గదులు తెప్పించి, గది అవసరం లేని ఒక్క మనిషినయ్యాను. నీ మీద కోపం లేదు, నీకు తెలియక చేశావు. కానీ ఇవాళ నీకు ప్రేమగా రాయలేను.

మనవరాలు

తా.క.: ఆ నిబంధనని అందరూ "అమ్మమ్మ క్లాజు" అంటున్నారు. లాయరు కూడా అన్నాడు. నిన్న రాత్రి ఆయన ఐదు గంటలు పడుకున్నాడట, నీకు చెప్పమన్నాడు.


శనివారం

నా తల్లికి,

నాకు తెలియక చేశానన్నావు. అది దిద్దాలి. పొడుగు కెప్టెన్‌ని ఎవరూ ఏమీ అనకూడదు కూడా.

విమానాల్లో సీటు దొరక్క ఆయన ఆ రాత్రి బస్సెక్కాడు. పదకొండు గంటలు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వాచిన కాళ్లతో మన గుమ్మంలోకి వచ్చాడు, తల వంచి. నీ ఉత్తరం నా చేతికిచ్చాడు. టీ, గుడ్లు పెట్టాను. ఆయన తింటూ ఉండగా ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతకం సంగతి బాగా అర్థమైంది, నువ్వు చక్కగా రాస్తావు. లైసెన్సు పోతుందన్న వాక్యం మూడోసారి కూడా చదివాను. ఆయన వెళ్లాక చీర మార్చుకుని పోస్టాఫీసుకి వెళ్లాను.

పుస్తకంలో ఒక రోజు లేదు. నేను రాయలేదు. గత నెల ఇరవై ఏడు. పొద్దున విమానాశ్రయం నుంచి నువ్వు కారులో వచ్చావు. గేటు తీద్దామని వెళ్లి కారుకి ఎదురుగా నిలబడ్డాను. ఇంజను నడుస్తోంది. నీ రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నావు. పిలిచాను. పలకలేదు. అద్దం మీద కొట్టాను. అప్పుడు ఎంతో మర్యాదగా, "మీరెవరండీ?" అన్నావు. పుట్టిన దగ్గర్నుంచి నువ్వు నన్ను అండీ అన్నది అదొక్కసారే. బ్రేకు మీద నీ కాలు ఎంతసేపు ఉంటుందో తెలియక, నేను గేటుకీ కారుకీ మధ్య కదలకుండా నిలబడ్డాను. ఆ సాయంత్రం నువ్వు లేచి, తల దువ్వుకుని, మళ్లీ డ్యూటీకి వెళ్లావు. వెళ్లి సంతకం పెట్టే ఉంటావు.

నిన్ను ఆపమని కంపెనీకి రాస్తే ఆపరు. నీకు చెబితే ఆగవు. అడిగాను కదా, "ఒప్పందం అయిపోనీ అమ్మమ్మా" అన్నావు, నాలుగు నెలలు. అందుకని నీ లైసెన్సు నేనే పోగొట్టాను. విచారణలో నన్ను పిలిస్తే ఇదంతా చెబుతాను, నువ్వు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా. ఆరు నెలల తర్వాత లైసెన్సు తిరిగొస్తే నడుపు, నేనే టిఫిన్ కట్టిస్తాను. రాకపోతే ఆ పాపం నాదే, పంచుకోవడానికి రాకు.

కోపం ఉంచుకో. ఈ ఇంట్లో దానికి చోటుంది. కానీ దాన్ని తీసుకుని ఇక్కడికి రా.

అమ్మమ్మ

తా.క.: పైలటుగా లేవు కాబట్టి నీకిప్పుడు ఊరికే సీటు ఇవ్వరు, బస్సులోనే వస్తావు. బస్టాండు ఎదురుగా గుడ్డల షాపులు మూడున్నాయి, మధ్యదాంట్లోకి వెళ్లు. నీ గది కిటికీ తూర్పుకి ఉంది, ఆరింటికల్లా ఎండ మొహాన పడుతుంది. వెడల్పు నాలుగడుగులు, ఎత్తు అయిదు. కిటికీ తెరకి, కుచ్చిళ్లకి కలిపి, నల్లటి మందపాటి గుడ్డ అయిదు గజాలు తీసుకో. కుట్టించకు, నేను కుడతాను. కొనేముందు గుడ్డని షాపులో ట్యూబులైటుకి అడ్డంగా ఎత్తి పట్టుకుని చూడు. వెలుతురు కాస్త కనపడినా సరే, ఇంకో తాను తీయమను.