పొగ చూసి నొక్కాలి

ద్వారక,
8 ఫిబ్రవరి 2006

కస్తూరి గారికి,

నేను మీ కోచ్ శేషగిరి గారి అమ్మాయిని. సెలెక్షన్ రోజున గ్రౌండులో నవల చదువుతూ కూర్చున్నది నేనే.

వంద మీటర్ల పరుగులో మీరున్న మొదటి విడత, అదే మొదటి హీట్‌కి, టైము నాన్నే చూశారు. తర్వాత ఒకమ్మాయి కాలు పట్టేసి పడిపోతే, స్టాప్‌వాచ్ నా చేతికిచ్చి ఆమె దగ్గరికి వెళ్లారు. ఇషిత పరిగెత్తిన రెండో హీట్‌కి ముగింపు గీత దగ్గర నిలబడి టైము నేను చూశాను. మీకంటే సెకనులో రెండు పదోవంతులు తక్కువ వచ్చింది. జట్టులోకి ఆమెను తీసుకున్నారు.

పోటీలో ఇషిత చివర వచ్చాక నాన్న నన్నడిగారు.

“పరుగు మొదలుపెట్టే తుపాకీ పొగ చూసి వాచీ నొక్కావా, చప్పుడు విని నొక్కావా?”

“చప్పుడు విని.”

ఆ చప్పుడు వంద మీటర్లు దాటి రావడానికి మూడు పదోవంతులు పడుతుందట. నాకు తెలియదు. వాచీ అంత ఆలస్యంగా మొదలైంది కాబట్టి, నిజానికి ఇషితే మీకంటే ఒక పదోవంతు వెనక.

“వాచీ నీకిచ్చింది నేను. ఇంక నువ్వేం మాట్లాడకమ్మా,” అన్నారు.

ఆఫీసరు కూతురని ఇషితకు చోటిచ్చారని మీరు ఫిర్యాదు చేశారు. కాలేజీలో మీకిదే చివరి ఏడాది. మీ కోపం న్యాయమే. సోమవారం విచారణలో రెండు హీట్లూ తానే చూశానని, తప్పు తనదేనని నాన్న చెప్పబోతున్నారు. ఇరవై ఆరేళ్లలో ఎవరి టైమూ మార్చి రాయని మనిషి. ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు.

నలుగురిలో నాకు నోరు పెగలదు. మొన్న ప్రిన్సిపల్ గది దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. ఈ ఉత్తరం మీరు విచారణలో వాళ్లకు చదివి వినిపిస్తారా? మీకు అన్యాయం చేసింది నేనే, అడుగుతున్నదీ మిమ్మల్నే. నేను తలుపు బయట నిలబడి ఉంటాను. పిలిస్తే లోపలికి వస్తాను.