కట్టెలపొయ్యి పొగ

కాటన్‌పేట, బెంగళూరు
నవంబరు 16, ఆదివారం

పూజ్యురాలైన అక్క వరూధినికి తమ్ముడు బాలరాజు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ, అమ్మ దగ్గు సంగతి నీకు తెలిసిందే కాబట్టి, మిగతావాళ్ళం క్షేమం. దేవనహళ్ళిలో నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను.

నువ్వు నా ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టాను. ఇప్పటికి రెండు చించేశాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచడం లేదు. ఊరికే గుమ్మం దాకా వెళ్ళి వస్తుంటే సుశీల విసుక్కుంటోంది.

దీపావళికి వచ్చినప్పుడు నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. బండి కావాలో అమ్మ కావాలో తేల్చుకో అన్నావు. నా పెళ్ళాం సుశీల ముందు అలా అనొచ్చా? నా వ్యాను పాతదే, కాదనను. నా పెళ్ళికంటే ముందుది. టీవీ పెడితే చాలు, పాత బండ్లు నిషేధించాలని ఒకాయన, కూడదని ఇంకొకాయన గొంతు చించుకుంటున్నారు. నీ కూతురు చైత్ర ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకు ఒక్కతే కారులో పోతుంది. ఆ దారి పొడవునా మనిషికో కారు, ఇంజన్లు ఆపకుండా బారులు తీరి నిలబడి ఉంటాయి. అవి కొత్తవి కాబట్టి పుణ్యాత్ములు, రోజూ బట్టల బేళ్ళు మోసి ఒక ఇంటిని నడిపిన నా బండి పాపాత్మురాలా? పనిచేసే బండిని తుక్కు కింద కొట్టి, ఇనుము కరిగించి మళ్ళీ కొత్తది చేస్తే ఆ ఫ్యాక్టరీకి పొగ రాదా? ఇదే అడిగితే బావ నవ్వేశాడు. పొగ టెస్టులో నా బండి ఏనాడూ తప్పలేదు తెలుసా? ఇంజను బాగా వేడెక్కాకే తీసుకుపోతాననుకో, అందరూ చేసేది అదే.

పొద్దునపూట పొగ నల్లగా వదులుతుంది, ఆ మాట నిజం. చలికి డీజిల్ ఇంజను కాసేపు ఊరికే ఆడితే గానీ దారికి రాదు. మన సందు సంగతి నీకు తెలుసు కదా. బండి ముక్కు గోడకు ఆనించి పెట్టాలి, పొద్దున్నే పెద్దరోడ్డు దాకా వెనక్కే తీయాలి. ఇన్నేళ్ళూ వెనక నిలబడి దారి చూపించింది అమ్మే. ఇంజను వేడెక్కేదాకా కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడుతుంది. ఆ తర్వాత రానీ అప్పా, రానీ, ఇంకా జాగా ఉండాది అంటూ వెనక తలుపు మీద చేత్తో తడుతుంది. సుశీల నిలబడతానన్నా ఒప్పుకోదు. నువ్వు అమ్మ పేరు చెప్పి బండిని తిడుతున్నావు గానీ, ఆ బండంటే అమ్మకు నాకంటే ఎక్కువ ప్రేమ.

అసలు విషయానికి వస్తాను. గురువారం అమ్మను పెద్ద డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రే చూసి, ఎప్పుడైనా పొగలో ఎక్కువకాలం ఉన్నారా అని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. పుట్టింట్లో చిన్నప్పట్నించీ కట్టెలపొయ్యి ఊదినా సామీ, పచ్చికట్టెలు, ఇల్లంతా పొగే అని చెప్పింది. డాక్టరు తలూపి రాసుకున్నాడు. ఆ పొగ ఎన్నేళ్ళకైనా బయటపడుతుందట. ఇప్పుడు ఇంట్లో గ్యాసే కదా, ఇక భయం లేదు, ఈ మందు పీల్చమ్మా అన్నాడు. విన్నావా? కట్టెలపొయ్యి! బండి కాదు! బయటికొచ్చి టీ తాగితే చాలా రోజులకు నోటికి రుచి తెలిసింది. అయినా ఎందుకో మనసు కుదుటపడటం లేదు. నువ్వొకసారి ఫోను చేసి, పొరపాటున అన్నానురా తమ్ముడూ అంటే పడుతుందేమో.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించి పోస్టు చేస్తాను. తనకు చదువు రాకపోయినా, నీకు ఏం రాసినా ముందు తను వినాల్సిందే.

ఇట్లు,
నీ మీద కోపం ఉన్నా నిన్ను వదులుకోలేని తమ్ముడు,
బాలరాజు

తా.క.: చదివి వినిపించాను. బండిని మెచ్చుకున్న చోట నవ్వింది. చైత్ర కారు దగ్గర, పాప జోలికి పోవద్దప్పా అంది. కట్టెలపొయ్యి దగ్గరికి రాగానే ఆ ముక్క కొట్టేయమంది. ఎందుకమ్మా అంటే రాయొద్దంటే రాయొద్దు అంది. గట్టిగా పట్టుబడితే చెప్పింది. ఒక్కగానొక్క ఆడపిల్ల అని పుట్టింట్లో వాళ్ళ అవ్వ తనను వంటింట్లోకే రానివ్వలేదట. పెళ్ళయి వచ్చాక ఇక్కడ గ్యాసు పొయ్యి వెలిగించడం కూడా రాక నాయనమ్మతో మాటలు పడ్డదట. ఆ కథ నీకు ఎన్నోసార్లు చెప్పి నవ్విందట కదా, ఉత్తరం చూడగానే నువ్వు పట్టేస్తావని భయపడింది. డాక్టరుకు అబద్ధం ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను. బండి పేరెత్తింటే నువ్వు మళ్ళా బండెక్కుతావా అప్పా, ఇల్లెట్ల జరుగుతాది అంది.

ఆ ముక్క కొట్టేయలేదు అక్కా. లేని పొగకు ఆ డాక్టరు మందు రాశాడు, ఉన్న పొగలో అమ్మ నిన్న పొద్దున కూడా నిలబడింది. నువ్వు వెంటనే రా, డాక్టరు దగ్గరికి వెళ్ళి నిజం చెబుదాం, నా ఒక్కడి నోటికి రాదు. బండి తాళంచెవి ఈ కవరులోనే పెడుతున్నాను. నా దగ్గరుంటే రేపు పొద్దున మళ్ళీ తిప్పేస్తాను.