తోక మీది మచ్చ

మార్చి 4

ప్రియమైన అక్కా,

మ్యూజియం గదిలో గాల్లో తేలుతున్నాననుకో! మనం ఆడుకున్న వాగులో కొత్త రకం పరిగె చేప దొరికింది. బొటనవేలంత కూడా లేదు. తలలో సగం కన్నే, తోక మొదట్లో నల్ల మచ్చ. ఏ పుస్తకంలోనూ ఇలాంటి బొమ్మ లేదు. మీ చేపల క్షేత్రంలో పెంచే పెద్ద పరిగెలకు ఆ మచ్చ ఉందా? ఉంటే ఇదీ వాటి పిల్లే అనుకోవాలి, నా సంబరం గల్లంతే. చూసి రాయి.

నీ చిన్ని

మార్చి 15

చిన్నీ,

పెద్దవాటికి మచ్చ లేదు.

అక్క

మార్చి 24

బంగారం లాంటి అక్కా,

బతికించావు! వ్యాసం జూన్‌లో అచ్చవుతుంది. చిన్నప్పుడు నాన్న నిన్ను "ఏయ్ మిడిగుడ్లూ" అని పిలిచేవారుగా, చేపకు ఆ పేరే పెట్టాను: మిడిగుడ్ల పరిగె. కోప్పడకు. డైరెక్టర్ గారు నలుగురి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నీ మాట లేకపోతే ఇదంతా ఎక్కడిది?

నీ చిన్ని

మే 20

చిన్నీ,

ప్రియమైన అని రాయడానికి మొహం చెల్లడం లేదు. నేను అబద్ధం చెప్పలేదు, అంతకంటే పాడు పని చేశాను. పెద్దవాటికి మచ్చ లేదు, నిజమే. పిల్లలకు ఉంటుంది. తొమ్మిదేళ్లుగా తొట్ల దగ్గర గొంతుక్కూర్చుని వారం వారం కొలుస్తున్నాను. వేలెడు పొడవు దాటాక మచ్చ చెరిగిపోతుంది. ఒళ్లు పెరిగినంత వేగంగా కన్ను పెరగదు, అందుకే పెద్దయ్యాక చిన్నదిగా కనిపిస్తుంది. నీది కొత్త చేప కాదే, మా పరిగె పిల్ల.

ఎందుకు దాచానంటావా? కుళ్ళు. చదువులో నేనే ముందు. నీకేమో మ్యూజియంలో కుర్చీ, నాకేమో బురద బూట్లు. నీ ఉత్తరం చదివి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అచ్చయ్యాక అందరూ నవ్వితే చూద్దామనుకున్నాను. అంతలో ఆ పేరొకటి పెట్టి చంపావు. రెండు నెలలుగా ముద్ద దిగడం లేదు. నా కొలతల పుస్తకం పంపుతున్నా, వ్యాసం ఆపించు. తర్వాత ఎంత తిట్టినా పడతాను.

మిడిగుడ్లు

మే 29

అక్కా,

ఉప్పు ధర అడిగితే నాలుగు పేజీలు రాసేదానివి! మొదట మురిసిపోయాను గానీ, తర్వాత మార్చిలో నువ్వు రాసిన ఆ ఒక్క లైను ముల్లులా గుచ్చింది. వాగు నుంచి ఆరు పిల్లల్ని తెచ్చి కిటికీ దగ్గర గాజుతొట్టిలో పెంచాను. ఈ నెల మొదట్లో మచ్చలు పోయాయి. వ్యాసం అప్పుడే ఆపించాను, చీవాట్లూ తిన్నాను. నువ్వు రాస్తావో లేదోనని రోజూ పోస్టు కోసం చూశాను. రాయకపోయుంటే ఈ జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు.

ఇప్పుడు ఇంకో వ్యాసం మొదలుపెట్టాను, పరిగె పెరిగేకొద్దీ ఒళ్లు ఎలా మారుతుందో. ఆరు చేపలు నావి, తొమ్మిదేళ్ల కొలతలు నీవి. నీ పేరు ముందు రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. కడుపు మండిపోయిందనుకో అక్కా. ఇన్నేళ్లూ ఎలా ఓర్చుకున్నావు?

నీ చిన్ని