అలమార తాళం పగలగొట్టాను

ఏమండీ, పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మీ బీపీ మాత్ర టీవీ పక్కన ఉంది.

వంటింటి అలమారకు మీరు వేసిన తాళం పగలగొట్టి చెత్తబుట్టలో పడేశాను. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ అయి ఏడేళ్లయింది. నలభై కిలోలు తగ్గినప్పుడు వీధంతా చెప్పుకుని మురిశారు. అందులో పన్నెండు కిలోలు తిరిగొచ్చేసరికి నా ఇంట్లో నేనే దొంగనయ్యానా? నిన్న మీ చెల్లెలి ముందు, "పొట్టకు కుట్లు వేసిన రోజే దీని నోటికీ రెండు వేయించాల్సింది" అన్నారు. ఆవిడ నవ్వింది. నేను వడ్డిస్తూనే ఉన్నాను.

పొద్దున ఆ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇలా చాలామందికి బరువు మళ్లీ పెరుగుతుందట, దారి ఉందట. సిగ్గుతో రెండేళ్లు మొహం చాటేయడమే నేను చేసిన తప్పు. డ్యూటీ దిగి, డిపోలో బస్సు అప్పజెప్పి నేరుగా అక్కడికే వెళ్తాను.

ఐదింటికి ఆసుపత్రికి మీరూ రండి. నా పక్కన కూర్చోండి చాలు, మాట్లాడేది నేను.