కుడిచేతి కోల

మాఘ శుద్ధ సప్తమి

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. నా బళ్ళో ఇలా రాసినవాడికి గోడకుర్చీ వేయించేవాణ్ణి.

పక్షవాతం వచ్చి నెల దాటింది. కుడి కాలు ఈడ్చుకుంటూనైనా వస్తోంది. కుడి చెయ్యి మాత్రం పిలవని చుట్టంలా పెట్టిన చోటే కూర్చుంటోంది... పేరుకే నాది.

మాఘ బహుళ విదియ

వైద్యుడు తైలం మార్చాడు. ఎవరో చెప్పారని మా ఆవిడ పావురాన్ని తెప్పించింది. దాని రక్తం రాస్తే నరాలు కదులుతాయట. బుట్ట మూత తీయగానే తుర్రుమంది. "దానికున్న చురుకు మీకుంటేనా!" అంది. నవ్వొచ్చింది. మూతి ఒక పక్కకే వెళ్ళింది. అయినా నవ్వు నవ్వే.

పంచమి

వెంకన్న వచ్చాడు. మీసాలు రాకముందు నుంచీ కోలాటంలో నా జత. కూర్చోడు, కండువా మెలిపెడతాడు. చివరికి బయటపెట్టాడు. శ్రీరామనవమికి జతలు సరిపోవాలట. నా చోట్లోకి పక్క ఊరి మనిషిని పిలుద్దామంటున్నారట. "నా నోటితో సరేననలేనండీ. మీరే చెప్పండి, పంతులుగారూ."

దళాన్ని కూర్చింది నేను. పాటలు కట్టింది నేను. నా చోట్లో ఇంకొకడా! ఆగమన్నాను. నవమికి నేనే వస్తానన్నాను. ఎలా వస్తానో నాకే తెలీదు.

అష్టమి

కోలను గుడ్డతో చేతికి కట్టించుకున్నా. వెంకన్న పాట ఎత్తాడు. తన కోల చాచాడు. టక్. మళ్ళీ టక్. ఆహా అనుకుని కళ్ళు మూసుకున్నా... విన్నా. ఆ చప్పుడు నా కోలది కాదు! వాడి రెండు కోలలూ వాడే కొట్టుకుంటున్నాడు, నేను బాధపడతానని. దళమంతా ఆడుతున్నా ఎవడు కోల తగలకుండా దొంగదెబ్బ వేశాడో చెప్పే చెవి నాది. "జాలి ఇంటి దగ్గర పెట్టి రా!" అన్నా. మాట ముద్దముద్దగా వచ్చింది. తిట్టు మాత్రం అందింది వాడికి.

నవమి

ఏమీ లేదు. అన్నం కూడా ఆవిడే తినిపించింది.

ద్వాదశి

వెంకన్నకి మినుము కోతలు, రాలేదు. మా ఆవిడ పెరటి తలుపు గడియ వేసి, కొంగు బిగించి, కోలలు పట్టుకుంది.

"ఏంటే ఇది?"

"జతనండీ. పాడండి."

మాట తడబడుతుంది గానీ పాట తడబడదు నాకు. అదో వింత. పాడాను. ఆవిడ కొట్టింది. ఓరి దేవుడా! తాళానికి ముందో వెనకో తప్ప దెబ్బ తాళం మీద పడదే! తాళం తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. "అక్కడ కాదు, ఇక్కడ కొట్టు!" అని అరిచా.

చెయ్యి లేచింది. నా కుడి చెయ్యి. జానెడు. ఆవిడ కోలకి తగిలింది, సరిగ్గా తాళం మీద.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా పుస్తకంలో నేను రాసుకోడానికి సిగ్గేంటి.

ఫాల్గుణ శుద్ధ తదియ

రోజూ పెరట్లో ఇదే. ఆవిడ తప్పు కొడుతుంది, నేను తిడతాను, చెయ్యి లేస్తుంది. కర్రల చప్పుడూ నా కేకలూ విని గోడవతల సూరమ్మ అడిగిందట, "పంతులుగారు నిన్ను కొడుతున్నారా ఏంటి?" అని. "లేదు వదినా, నేనే ఆయన్ని కొడుతున్నా" అందట!

దశమి

కట్టిన గుడ్డ విప్పేశాం. వేళ్ళు కోలని పట్టుకున్నాయి. పాట సగంలో జారింది. సగం దాకా జారలేదు!

ఫాల్గుణ బహుళ సప్తమి

వెంకన్న చూశాడు. తెరిచిన నోరు మూయలేదు. పాట నడిచినంతసేపూ కాలు కూడా అడుగులో పడుతోంది. వేగం పెరిగే ఆఖరి చరణంలో మాత్రం కోల ఎగిరి గేదె ముందు పడింది. గేదె వాసన చూసి వదిలేసింది.

"పక్క ఊరికి కబురు పెట్టలేదండీ" అన్నాడు. అంటే నా కోల జారితే వెంకన్నకి జత లేదు. ఆట ఆగిపోతుంది, ఊరంతా చూస్తుండగా. సంతోషం పట్టలేకుండా ఉంది... భయమూ అంతే.

చైత్ర శుద్ధ అష్టమి

రేపటి చలిమిడికి సూరమ్మా మా ఆవిడా బియ్యం దంపుతున్నారు. ఒకే రోలు, రెండు రోకళ్ళు. ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది. ఊసులాడుకుంటూ, రోటి వైపు చూడకుండానే. ఒక్కసారైనా తగలవే!

అరుగు మీద అలాగే ఉండిపోయాను. జంట రోకళ్ళు వేసే మనిషికి తాళం తెలియకపోవడమేంటి? ఊరందరికీ తాళం నేర్పినవాణ్ణి, నాకింత కాలం తట్టలేదు.

"ఏమే, పెరట్లో నువ్వు కావాలనే..."

"ఏంటండీ?" రోకలి ఆపలేదు. మొహం మాత్రం అటు తిప్పేసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. దంపుడుకో, నవ్వుకో.

నవమి

పందిట్లో డోలు మొదలైంది. పొద్దున ఆఖరి చరణం ఆడి చూశాం. ఒకసారి నిలిచింది, ఒకసారి జారింది.

"గుడ్డతో కట్టనా?" అంది మా ఆవిడ.

వద్దన్నాను.

"జారితే?"

కుడి అరచెయ్యి చాచాను. ఆవిడ కోల తెచ్చి అందులో పెట్టి, ఆడవాళ్ళతో కలిసి ముందే వెళ్ళిపోయింది. వెంకన్న వాకిట్లోంచి కేకేస్తున్నాడు. ఎడమ చేత్తో ఇది రాస్తున్నాను. కుడి చేతిలో కోల ఉంది. ఇంకా ఉంది... వస్తున్నా వెంకన్నా, వస్తున్నా—