బతికున్న టామీకి పరామర్శ

ఆదివారం రాత్రి, అమలాపురం

సాయంత్రం పక్కింటి సత్యవతిగారు క్యారేజీ పట్టుకుని ఏడుస్తూ వచ్చారు.

"టామీ పోయిందంట కదండీ! ఈ పూట పొయ్యి వెలిగించకండి. అన్నం, పప్పుచారు తెచ్చేను."

ఆ క్యారేజీని వాసన చూస్తున్నది మా టామీయే!

మా అమ్మాయి సౌమ్యని నిలదీశాను. కుక్క చచ్చిపోయినట్టు ఫోనులో వీడియో తయారుచేసి పెట్టిందట. దండ, దీపం, ఏడుపు పాట.

"సరదాకేనమ్మా. ఎంతమంది చూశారో!" అంది.

"ఇదిగోనండీ, బతికే ఉంది" అని టామీని చూపించాను.

"ఆయ్" అన్నారు సత్యవతిగారు. అన్నారే గానీ, ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ చూసుకుని కళ్ళు తుడుచుకున్నారు.

"పాపం, ఎంత మంచి కుక్కండీ!"

రేపు సౌమ్య సరదాకి నా ఫొటోకి దండ వేస్తే, గుమ్మంలో నిలబడి బతికే ఉన్నానని నేను చెప్పినా, ఆవిడ...