జివ్వుమనే బాక్సు

విశాఖపట్నం,
పాతపోస్టాఫీసు దగ్గర,
11-9-1986, గురువారం.

గౌరవనీయులు శ్రీ కామరాజు గారికి,

ఎల్లారావు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, నా ఇల్లాలు అసిరమ్మ కులాసా. తమరు, కాంతమ్మ గారు కులాసా అని తలుస్తాను అని కూడా రాయాలి. దానికి చెయ్యి రావడం లేదు. ముందు ఒక పని చెయ్యండి, తరువాత చదవండి. మా కొట్టులో తమరు కొన్న బాక్సు, బేస్ గిటారు శబ్దం పెద్దది చేసేది, ఉంది కదా, దాని ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు. పీకి, వైరు చుట్టి, బాక్సు మీద పెట్టండి. శనివారం వినాయకుడి పందిట్లో దాన్ని వాడవద్దు. గిటారుకి ఏమీ లేదు. దోషం బాక్సుది. ప్రాణం మీదికి వచ్చే దోషం.

పీకారనుకుని మిగతాది రాస్తున్నాను.

నేనెవరో తమరికి తెలియదు. తమరు బేరమాడింది గవర్రాజుతో. వాడు నా ఇల్లాలికి తమ్ముడు. ఓడలవాళ్ళు అమ్ముకుని పోయే టేపురికార్డర్లు, గిటార్లు, బాక్సులు వాడు కొంటాడు, బాగుచేయించి అమ్ముతాడు. కొట్టులో బల్లచెక్కల అడ్డు ఒకటి చూసే ఉంటారు. దాని వెనకాల కూర్చుని బాగుచేసేది నేను. మాది పద్మనాభం అవతల పల్లె. అయిదో క్లాసు వరకు చదివాను. మోటార్లకి కాయిళ్ళు చుట్టే షెడ్డులో ముప్ఫయ్యేళ్ళు చేసి మానుకున్నాక బావమరిది కొట్టుకి వచ్చాను. మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. ఎవరైనా వస్తే అడ్డు వెనక్కి ఇంకొంచెం జరుగుతాను.

తమరి గిటారు వైశాఖంలో వచ్చింది. ఒక ఓడలో వంట చేసే ఆయన గోనెగుడ్డలో చుట్టి తెచ్చాడు. చూస్తే నాలుగే తీగలు. మిగతా రెండూ పోయాయనుకుని, వాటిని బిగించే మరలు ఎక్కడ ఊడిపడ్డాయోనని ఒక పూటంతా గోనె దులిపాను. గవర్రాజు చూసి, “నాలుగే ఉంతాయి బావా, ఇది బేసు. దీని గొంతే బొంగురు, నీ గొంతులాగ” అని నవ్వాడు. తీగల కింద ఒక చిన్న కాయిలు ఉంటుంది. అది తెగిపోయింది. వెంట్రుక కంటే సన్నని వైరు. చేత్తోనే చుట్టాను, వేల చుట్లు. పలకరిస్తే లెక్క తప్పుతానని అసిరమ్మ క్యారేజీ చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయేది.

బాక్సు వేరే ఓడది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి వచ్చింది. అదీ నేనే చుట్టాను. రెంటినీ కలిపి మొదటిసారి తీగ మీటినప్పుడు శబ్దం ముందు చెవికి రాలేదు. కాళ్ళ కింది పీటలోంచి వచ్చింది. చీకటితో పొలానికి పోతున్నప్పుడు వెనకాల ఎక్కడో బండి వస్తుంటే నేలలోంచి తెలుస్తుంది చూడండి, అలాగ. ఆ రోజు బస్సెక్కకుండా ఇంటికి నడిచిపోయాను. ఎందుకో తెలియదు.

ఆషాఢంలో తమరు రెండూ కొన్నారు. ఇరవై రోజులు తిరక్కుండా బాక్సు వెనక్కి తెచ్చారు. గవర్రాజుతో తమరన్న మాట అడ్డు వెనక నాకు వినబడింది. “గుర్రుమంటుందండి. మా ఆవిడ పాట ఎత్తుకుంటే వెనకాల ఎవరో గుర్రెట్టి నిద్రోతున్నట్టుంటుందండి. జనం నావంక చూస్తున్నారండి” అన్నారు. నాకూ నవ్వొచ్చింది. బాగుచేసి పంపాను. వారంలో మళ్ళీ తెచ్చారు. మళ్ళీ చేశాను. ఈసారి గుర్రు పోయింది. మర్నాడు తమరు పనిగట్టుకుని అంత దూరం నుంచి వచ్చి, “ఆ లోపల ఎవరున్నారో గానీ బంగారంలాంటి చెయ్యండి” అన్నారు. నేను చేతిలో ఉన్నది కింద పెట్టి అలాగే కూర్చుండిపోయాను. బయటికి వచ్చి నమస్కారం పెడదామనుకున్నాను. లేచేటప్పటికి తమరు వెళ్ళిపోయారు.

ప్లగ్గు పీకారు కదా?

మొన్న మంగళవారం కాంతమ్మ గారు గిటారు భుజానికి తగిలించుకునే పట్టీ కోసం కొట్టుకి వచ్చారు. బాక్సు ఎలాగుందమ్మా అని గవర్రాజు అడిగాడు. ఆవిడ నవ్వుతూ, “ఏం బాక్సోనండి బాబూ, అది వాయిస్తున్నప్పుడు మా ఆయన చెయ్యి తగిలితే జివ్వుమంటుందండి. పెళ్ళయి పదేళ్ళయ్యాక ఇప్పుడేంటండి ఈ సరసం” అన్నారు. గవర్రాజు పగలబడి నవ్వి, “మా కొట్టు సరుకంటే ఏటనుకున్నారమ్మా” అన్నాడు. ఆవిడ ఇంకా చెబుతున్నారు. శనివారం పందిట్లో పాటలంట. దేవుడి ఎదురుగా కాబట్టి పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ చెప్పులు విప్పి నిలబడాలని కమిటీవాళ్ళు అన్నారంట. వానకి కిందంతా చిత్తడిగా ఉందంట, కొత్త చీర అంచు ఏమైపోతుందోనని ఆవిడ దిగులు.

నాకు నవ్వు రాలేదు.

అర్థమయ్యేటట్టు రాస్తాను. ట్రాన్స్‌ఫార్మరు కాయిలు వానల్లో చుట్టాను. వార్నీషు లోపలిదాకా ఆరలేదు. గవర్రాజు తొందరపెట్టాడు, నేనూ సరేనన్నాను. అది చెమ్మ పట్టి బాక్సు ఇనప ఒంట్లోకి కరెంటు వదులుతోంది. అలా కారిన కరెంటు ఎర్తు వైరు గుండా నేలలోకి పోవాలి. ఆ వైరు ప్లగ్గులో ఊడిపోయింది. దారి లేక అది గిటారు తీగల్లోకి, తీగల్లోంచి తమరి చేతుల్లోకి వస్తోంది. ఇంట్లో చాప మీద కూర్చుని వాయిస్తారు కాబట్టి జివ్వుతో పోయింది. తడినేల మీద ఉత్తి కాళ్ళతో నిలబడితే జివ్వుతో పోదు. పక్కన కాంతమ్మ గారు ఇనప మైకు పట్టుకుని ఉంటారు. ఇంతకంటే రాయలేను.

పంపేముందు చూసుకోలేదా అని అడుగుతారు. చూశాను. నేను ఎప్పుడూ చెక్కపీట మీద నిలబడి చూస్తాను. షెడ్డులో అందరికీ అదే అలవాటు. పీట మీద నిలబడ్డవాడికి ఏదీ జివ్వుమనదు.

కాంతమ్మ గారు వెళ్ళగానే గవర్రాజుతో చెప్పాను, బాక్సు వెనక్కి తెప్పించమని. వాడికి కోపం వచ్చింది. “ఏటి బావా, అమ్మీసిన సరుకు ఎనక్కి అడుగుతావేటి? ఈ కొట్టు బాక్సు కరెంటు కొడతాదని ఒక్కడికి తెలిస్తే సాలు, ఊరంతా తెలుస్తాది. జివ్వుమందనే కదా ఆవిడంది, సచ్చిపోయానందేటి? నీకు పెద్దతనం వచ్చీసింది, అన్నీ బయమే” అన్నాడు. నేను అడ్డు వెనక్కి వెళ్ళిపోయాను. వాడు అరిస్తే నాకు మాట పడిపోతుంది.

అప్పటి నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ఒకసారి పోర్టు గేటు దాకా నడిచి, ఎందుకొచ్చానో మరిచిపోయి వెనక్కి వచ్చాను. నిన్న తమరి వైపు వచ్చే బస్సు కూడా ఎక్కాను. తమరి గుమ్మంలో నిలబడి మొదటి మాట ఏమనాలా అని గాజువాక దాకా ఆలోచించాను. దొరకలేదు. అక్కడ దిగి ఎదురు బస్సెక్కి వచ్చేశాను. తమరికి ఇది నవ్వులాటగా ఉంటుంది. అరవై ఏడేళ్ళ మనిషిని, ఒక్క మాట దొరకక సగం దారిలో దిగిపోయాను.

ఇంటికొచ్చాక అసిరమ్మ, “ఏటలాగ తిరగతన్నావు కాలుకాలిన పిల్లిలాగ? మా తమ్ముడేటైనా అన్నాడేటి?” అంది. చెప్పాను. ఆవిడ చేతిలో చెంబు కింద పెట్టింది. తరువాత, “నోరు నేకపోతే మానె, సెయ్యుంది కదా. రాయి. తమ్ముడి సంగతి నాను సూసుకుంతాను” అంది. ఈ కాగితం ఆవిడే తెచ్చింది. ఇది మూడో కాగితం. ముందు రెండూ చింపేశాను. రాస్తూ నాలుగుసార్లు లేచాను.

శనివారానికి తమరు పాట మానుకోనక్కర్లేదు. గిటారు వైరు మైకుసెట్టు ఆయన బాక్సుకి తగిలించమనండి. కొంచెం పల్చగా వినిపిస్తుంది, అంతే. తగిలించేముందు ఆయన ప్లగ్గు కూడా విప్పించి మూడో వైరు, అదే ఎర్తు వైరు, ఉందో లేదో తమరి కళ్ళతో చూడండి. ఎంత పెద్దమనిషి ఉందని చెప్పినా నమ్మకండి. చూడండి. మా బాక్సు వెనక్కి పంపే ఏర్పాటు చేస్తే కాయిలు మార్చి ఇస్తాను.

కాంతమ్మ గారికి నా నమస్కారాలు. ఆవిడ ఆ మాట నవ్వులాటకి అనబట్టి నాకు తెలిసింది. చాలామంది సిగ్గుపడి అనరు.

ఈ ఉత్తరం రేపు పొద్దున్నకల్లా తమరికి అందేటట్టు చూస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
చింతా ఎల్లారావు.

తా.క. శుక్రవారం పొద్దున్న. పెన్సిలుతో రాస్తున్నందుకు క్షమించాలి. తమరి క్వార్టర్ల గేటు బయట టీబడ్డీ బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

బస్సులో పై కాగితం మళ్ళీ చదువుకున్నాను. ఒక్క చోట ఆగిపోయాను. ఎర్తు వైరు ఊడిపోయింది అని రాశాను. అది ఊడలేదు. నేనే తీశాను.

తమరు రెండోసారి బాక్సు తెచ్చినప్పుడు ఆ గుర్రు ఎక్కడిదో ఎంత వెతికినా దొరకలేదు. ఇంకోసారి వెనక్కి వస్తే నీకూ నాకూ చెల్లు బావా అన్నాడు గవర్రాజు. ఎర్తు తీసేస్తే గుర్రు పోతుందని ఓడల మీద పనిచేసిన ఒకాయన ఎప్పుడో అన్నాడు. తీసి చూశాను. పోయింది. వైరు కొస మడిచి, టేపు చుట్టి, ప్లగ్గు మూత బిగించి పంపేశాను. షెడ్డులో ఉన్నప్పుడు ఎర్తు లేని మోటారును గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాను. తెలియక చేసింది కాదు. తెలిసే చేశాను. తమరు బంగారంలాంటిదన్న చెయ్యి చేసిన పని అది.

ఊడిపోయిందని రాసి ఊరుకుంటే తమరు ప్లగ్గు విప్పి వైరు బిగించుకుంటారు. బిగించగానే గుర్రు మళ్ళీ వస్తుంది. అప్పుడు పక్కన ఎవరో ఒకరు, ఆ మూడో వైరు తీసెయ్యండి, అందరూ అదే చేస్తారు అంటారు. తమరు తీసేస్తారు. అందుకని అలా తియ్యడం తప్పని తీసినవాడే చెప్పాలి. గుర్రు కొంచెం ఉంటుంది. ఉండనివ్వండి.

ఈ కాగితం తమరి చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెనక్కి తిరిగిన ముసలాణ్ణి నేనే. ఎక్కడికీ వెళ్ళలేదు, గేటు బయటే ఉన్నాను. సంచిలో కొత్త వైరు, ప్లగ్గు ఉన్నాయి. నిన్న చుట్టిన కాయిలు కూడా ఉంది. అసిరమ్మ దాన్ని పొయ్యి దగ్గర పెట్టుకుని తెల్లవారేదాకా ఆరబెట్టింది. తిట్టదలచుకుంటే తిట్టండి, తిరిగి ఏమీ అనను. బాక్సు బయటికి తెప్పిస్తే గంటన్నర పని. అయ్యాక పందిట్లోకి తీసుకుపోదాం. ఆ చిత్తడిలో నేను చెప్పులు విప్పి నిలబడి, ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో నాలుగు తీగలూ మీటుతాను. నాకేమీ కాలేదని చూశాకే తమరు ముట్టుకోండి.